పాత ట్రాక్టర్ సెల్ఫ్ మోటార్ మోత పెడుతోందా? విప్పకముందే లోపం పట్టుకోవడం ఎలా

సెల్ఫ్ కొట్టగానే గరగరమంటే చాలామంది చేసే మొదటి పని మోటార్ విప్పి రిపేరుకు పంపడం. బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు), కార్బన్లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే దిమ్మలు) కొత్తవి వేయించి తెచ్చి బిగిస్తారు, మళ్ళీ అదే గరగర. లోపం ఫ్లైవీల్ (ఇంజన్ వెనకుండే బరువైన చక్రం) పళ్ళలో ఉండొచ్చు, తుప్పు పట్టిన ఎర్త్ తీగలో (బ్యాటరీని బండి బాడీకి కలిపేది) ఉండొచ్చు, వదులైన బోల్టులో ఉండొచ్చు. పైగా మోటార్ విప్పడంతోనే సాక్ష్యం చెరిగిపోతుంది. బోల్టు వదులుగా ఉందో లేదో తెలుసుకునే అవకాశం పానా పెట్టి తిప్పిన క్షణంలోనే పోయినట్టు. కాబట్టి ముందు వినండి, తర్వాత కొలవండి, విప్పడం ఆ తర్వాత.

వినడంలోనూ ఒక పద్ధతి ఉంది. చప్పుడు ఎలా ఉందన్నది పెద్దగా పనికిరాదు. ఒకరికి గర్రుమన్నది ఇంకొకరికి కీచుమంటుంది. అది ఎప్పుడు వస్తోందన్నది మాత్రం ఎవరు విన్నా ఒకటే. సెల్ఫ్ పని చేసేటప్పుడు ఐదు దశలు గడుస్తాయి: తాళం తిప్పిన క్షణం, పినియన్ (మోటార్ కొసనున్న చిన్న పళ్ళచక్రం) ముందుకెళ్ళి ఫ్లైవీల్ పళ్ళను అందుకునే క్షణం, ఇంజన్‌ను తిప్పుతున్న కొన్ని సెకన్లు, ఇంజన్ అందుకున్న క్షణం, తాళం వదిలాక మోటార్ తిరిగి తిరిగి ఆగే వరకు. మోత ఏ దశలో వస్తోందో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదలుపెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో పెట్టి, పీటీవో (పనిముట్లను తిప్పే ఇరుసు) తీసేసి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఉంగరం, గడియారం తీసేయండి. మందపాటి బ్యాటరీ తీగకూ బాడీకీ మధ్య అవి తగిలితే వేలు కాలిపోతుంది. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు వద్దు. బ్యాటరీ తీగలు ఊడదీసేటప్పుడు ఎర్త్ తీగ మొదట తీయాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి.

ఇంకొకటి. పక్కన నేల మీద నిలబడి సెల్ఫ్ టెర్మినళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఇంజన్ తిప్పే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ పని చేసినప్పుడు న్యూట్రల్ స్విచ్ ఉన్నా పని చేయదు, పాత బళ్ళలో అసలు ఆ స్విచ్చే ఉండకపోవచ్చు. బండి గేర్లో ఉంటే కదులుతుంది, మీరు నిలబడి ఉండేది వెనక చక్రం ముందు. ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ చెప్పే ఏ పరీక్షకూ ఆ పని అవసరం లేదు. సీటు మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి, మీరు పక్కన ఉండి వినండి, చక్రం దారిలో మాత్రం నిలబడకండి.

డీజిల్ ఇంజన్ అయితే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొడితే ఇంజన్ స్టార్ట్ కాకుండా తిరుగుతూ ఉంటుంది. పెట్రోలు ఇంజన్ అయితే ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదీస్తే సరిపోతుంది. ఏదైనా సరే ఒక్క విడతకు పది సెకన్లు మించొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. మోటార్ తీసుకునే కరెంటు వందల ఆంపియర్లు. ఆపకుండా కొడితే లోపల టంకం కరిగిపోతుంది, అప్పుడు ఉన్న లోపానికి కొత్త లోపం తోడవుతుంది.

మీ సెల్ఫ్ ఏ రకం?

మోటార్ నెత్తిన చిన్న డబ్బాలా సోలినాయిడ్ (కరెంటుతో లాగే అయస్కాంతపు స్విచ్) ఉంటే అది పినియన్‌ను ఫోర్కుతో ముందుకు నెట్టి, పళ్ళు కలిశాక మోటారుకు కరెంటు ఇచ్చే రకం. డబ్బా లేకుండా లావు తీగ నేరుగా మోటారుకే వస్తే అది పాత బెండిక్స్ రకం. అందులో మోటార్ తిరగగానే పినియన్ మరచుట్టు మీద జారి, విసురుగా వెళ్ళి పళ్ళను కొడుతుంది. బెండిక్స్ రకంలో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఒక ఠంగుమనే దెబ్బ వినిపించడం సహజం, అది జబ్బు కాదు. కొత్త గేర్ రిడక్షన్ మోటార్ మార్పించుకున్నవాళ్ళు కూడా సన్నగా ఈలలాంటి మోత విని కంగారు పడతారు. లోపల అదనపు గేర్లు ఉండడం వల్ల దాని గొంతే అంత.

చాలా పాత బళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. 1947 నుంచి 1952 వరకు తయారైన ఫోర్డ్ 8ఎన్ లాంటివి 6 వోల్టులతో, పాజిటివ్ ఎర్త్‌తో (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపి) వచ్చాయి. తర్వాత వాటిలో చాలావాటికి 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, 6 వోల్టుల సెల్ఫ్‌ను అలాగే ఉంచేశారు. అది తిరగడం బాగానే తిరుగుతుంది, కానీ బెండిక్స్ మామూలు కంటే ఎక్కువ విసురుతో ఫ్లైవీల్‌ను గుద్దుతుంది. మీ బండి ఇలా మారినదైతే స్ప్రింగు విరగడం, పళ్ళు చెక్కుకుపోవడం మీద ముందే అనుమానం పెట్టుకోండి. ఎన్నిసార్లు మోటార్ బాగుచేయించినా ఆ దెబ్బ తగ్గదు.

మొదట బ్యాటరీ, తీగలు

మోత మెకానికల్ లోపమే అనిపించినా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. వోల్టేజీ చాలకపోతే సోలినాయిడ్ పినియన్‌ను పూర్తిగా నెట్టలేదు, సగం పళ్ళ మీదే మోటార్ తిరిగి వాటిని నలిపేస్తుంది. నిండా ఛార్జయి కాసేపు కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపాలి. 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దగ్గర 9.6 కంటే దిగకూడదు. చలికి కొంచెం ఎక్కువ దిగుతుంది.

తర్వాత తీగలు చూడండి. మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి, క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసపు పోస్టు మీదే. రెండో కొనను సెల్ఫ్ మోటారులోకి కరెంటు వెళ్ళే బోల్టు మీద పెట్టండి. సెల్ఫ్ కొట్టించి చూస్తే అర వోల్టు లోపు ఉండాలి. అలాగే నెగటివ్ పోస్టుకూ మోటార్ బాడీకీ మధ్య కూడా. పాజిటివ్ ఎర్త్ బండి అయితే తిరగేసి చూసుకోండి. ఎర్త్ వైపు ఎక్కువ చూపితే ఛాసిస్‌కు తీగ బిగించిన చోట తుప్పో, మోటార్ ఆనే ముఖం మీద రంగో ఉంటుంది. మోటారుకు పైపైన రంగు కొట్టి అందంగా బిగించిన బళ్ళలో ఇది మామూలే. రంగు కరెంటును పోనివ్వదు మరి.

టకటకటకమని ఆగకుండా కొట్టుకునే చప్పుడుకు కారణం దాదాపు ఎప్పుడూ ఈ విభాగంలోనే దొరుకుతుంది. సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లాగడానికి, ఒకటి పట్టి ఉంచడానికి. లాగగానే లోపలి కాంటాక్టులు కలిసి మోటార్ కరెంటు గుంజుతుంది, బలహీనమైన బ్యాటరీ వోల్టేజీ ఢమాల్మని పడిపోతుంది, పట్టి ఉంచే చుట్టు పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. అదే టకటక. బ్యాటరీ, తీగలు రెండూ నికార్సుగా ఉన్నా ఇలాగే కొట్టుకుంటే పట్టి ఉంచే చుట్టు తెగిందని అర్థం, సోలినాయిడ్ మార్చాలి.

ఒక్కసారి మాత్రమే టక్కుమని ఆగిపోతే మీటరు వంక చూడండి. వోల్టేజీ దాదాపు కదలకపోతే మోటారుకు కరెంటే వెళ్ళడం లేదు: సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయాయి, లేదా కార్బన్లు అరిగి కమ్యుటేటర్‌ను (అవి ఒరుసుకునే రాగి పట్టీల వలయాన్ని) తాకడం లేదు. వోల్టేజీ ధబీమని పడి మోటార్ మూలిగి ఊరుకుంటే కరెంటు వెళ్తోంది, కానీ తిరిగే దారి లేదు. పినియన్ పళ్ళలో ఇరుక్కుని ఉండొచ్చు, సిలిండర్‌లోకి నీళ్ళో డీజిలో చేరి ఇంజన్ బిగుసుకుని ఉండొచ్చు. ఈ రెండోది ఉందనుకుంటే మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇరుక్కున్న పినియన్ అయితే తాళం తీసేసి, స్టాప్ లాగి, దిమ్మలూ హ్యాండ్ బ్రేకూ తీసి, టాప్ గేర్లో బండిని వెనక్కి కొద్దిగా ఊపితే వదులుతుంది. కొన్ని పాత మోటార్లలో వెనక మూత తీస్తే ఇరుసు కొస నలుపలకలుగా ఉంటుంది, పానాతో తిప్పి విడిపించడానికే అలా చేశారు.

ఇప్పుడు వినండి

స్టాప్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. పొడవాటి కర్ర ఒక కొస మోటార్ బాడీకి, ఇంకో కొస చెవి దగ్గర ఎముకకు ఆనిస్తే మోటార్ చప్పుడు, ఫ్లైవీల్ గూటి చప్పుడు వేరుగా తెలుస్తాయి. ఫ్యాను బెల్టు వైపు మాత్రం వంగకండి.

పళ్ళను అందుకునే క్షణంలోనే గర్రుమని, ఆ తర్వాత ఇంజన్ మామూలుగా తిరిగితే పినియన్ ముందు అంచో, ఫ్లైవీల్ పళ్ళ అంచో చెడింది, లేదంటే సోలినాయిడ్ నెట్టే బలం చాలడం లేదు. అందుకోకుండా మోటార్ ఒక్కటే జుయ్యిమని తిరిగిపోతే మూడు దారులున్నాయి. బెండిక్స్ రకంలో మరచుట్టు మీద మురికి పట్టి పినియన్ కదలడం లేదు. సోలినాయిడ్ రకంలో పినియన్ వెనకున్న ఒకవైపు క్లచ్ (ఒక దిశలో మాత్రమే పట్టేది) జారిపోతోంది. ఆ రెండూ కాకపోతే ఆ చోట ఫ్లైవీల్ పళ్ళే లేవు.

ఇంజన్‌ను తిప్పుతున్నంతసేపూ సన్నగా కీచుమంటే పినియన్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య దూరం ఎక్కువైంది. ఇంజన్ అందుకున్నాక, తాళం వదులుతుండగా కీచుమంటే దూరం తక్కువైంది, పళ్ళు ఒరుసుకుని బయటికి రావడానికి మొరాయిస్తున్నాయి. షిమ్‌లు (సందు సర్దే పలుచని రేకులు) పెట్టే మోటార్లలో దీన్ని సరిచేయొచ్చు. గూటిలో ఖచ్చితంగా కూర్చునే మోటార్లలో సర్దుబాటు ఏమీ ఉండదు, అప్పుడు ముందు వైపు బుష్ అరిగి ఇరుసు పక్కకు వాలిందనో, ఎవరో వేరే పళ్ళ లెక్క ఉన్న పినియన్ వేశారనో అనుకోవాలి. తిప్పుతున్నప్పుడు కీచు కాకుండా లావుగా, ఈడుస్తున్నట్టు, నెమ్మదిగా మూలుగుతుంటే బుష్‌లు బాగా అరిగి ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) తన చుట్టూ ఉన్న అయస్కాంతపు దిమ్మలకు రాసుకుంటోంది.

ఇంజన్ అందుకున్న తర్వాతి మోత తెలియాలంటే ఒకసారి నిజంగా స్టార్ట్ చేయించక తప్పదు. అందుకున్న వెంటనే, తాళం ఇంకా వదలకముందే, సైరన్‌లా పైకి లేచే ఊళ వినిపిస్తే ఒకవైపు క్లచ్ పట్టేసింది. ఇంజన్ మోటారును తనతో పాటు పరుగెత్తిస్తోంది. ఇలాంటి బండిని వాడుతూ పోతే ఆర్మేచర్ చుట్లు విసురుకు బయటికి లేచి చిట్లిపోతాయి. తాళం వదిలాక మోటార్ ఆగుతూ గుడగుడలాడితే ఇరుసు వంగింది. తాళం వదిలినా ఆగకుండా తిరుగుతూనే ఉంటే సోలినాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోయాయి, లేదా తిరుగు స్ప్రింగు విరిగింది. స్టాప్ లాగి, వెంటనే బ్యాటరీ ఎర్త్ ఊడదీయండి. పాత బళ్ళకు బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్ పెట్టించుకోవడం ఈ ఒక్క కారణానికే గిట్టుబాటు.

సుద్దగీత పరీక్ష

గర్రుమనే మోత కొన్నిసార్లు వచ్చి కొన్నిసార్లు రాకపోతే, విప్పేముందు చేయాల్సిన పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్నది ఇది. పైసా ఖర్చు లేదు.

ఇంజన్ ఆపినప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఆగదు. చివరి కంప్రెషన్‌ను దాటలేక వెనక్కి తగ్గి ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే ఫ్లైవీల్ చుట్టూ ఎదురెదురుగా రెండు చోట్ల, మూడు సిలిండర్లదైతే మూడు చోట్ల ఆగుతుంది. అంటే ఏళ్ళ తరబడి పినియన్ అవే కొద్ది పళ్ళను కొడుతూ వస్తోంది. మిగతా పళ్ళు కొత్తవాటిలా ఉన్నా ఆ రెండు మూడు చోట్ల మాత్రం నలిగి ఉంటాయి.

ముందు వైపు క్రాంకు పుల్లీకి ఎదురుగా కదలని భాగం మీద ఒక గుర్తు పెట్టండి. సెల్ఫ్ కొట్టే ముందు ప్రతిసారీ ఆ గుర్తుకు ఎదురుగా పుల్లీ మీద సుద్దతో గీత గీయండి. గర్రుమంటే ఆ గీతకు అడ్డగీత కలపండి, శుభ్రంగా అందుకుంటే అలాగే వదిలేయండి. రెండు మూడు రోజులు పనికి వెళ్ళివచ్చేటప్పుడల్లా ఇది చేస్తే చాలు. గీయడానికి ముందు తాళం మీ జేబులో ఉండాలి. అడ్డగీతలన్నీ రెండు మూడు చోట్ల గుంపుగా పడితే రింగ్ గేర్ (ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్ళ వలయం) పళ్ళు పోయాయి. అడ్డగీతలు, మామూలు గీతలు కలగాపులగంగా ఒకే చోట ఉంటే రింగ్ గేర్‌ను వదిలేసి పినియన్, బుష్, సోలినాయిడ్ వైపు చూడండి.

దీనిలాగే కనిపించే మరో లోపం ఉంది, పొరబడకండి. కొన్నిసార్లు సెల్ఫ్ అసలు పలకదు, ఇంజన్‌ను కొద్దిగా తిప్పి కొడితే పలుకుతుంది. అది కమ్యుటేటర్ మీద ఒకచోట కాలిన మచ్చ కావొచ్చు. పళ్ళు పోతే మోత ఉంటుంది, కమ్యుటేటర్ పోతే మౌనం ఉంటుంది.

ఇక విప్పండి

బ్యాటరీ ఎర్త్ తీసేశాక, పానా పెట్టేముందు మోటారును రెండు చేతులతో పట్టి ఊపండి. కదిలితే బోల్టులు వదులు. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. కానీ వదులు మోటారుతో చాలాకాలం నడిపి ఉంటే బోల్టు రంధ్రాలు సాగి ఉంటాయి, ఊరికే బిగిస్తే మళ్ళీ వదులవుతాయి.

మోటార్ బయటికి వచ్చాక ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ రింగ్ గేర్ చుట్టూ ప్రతి పన్నూ చూడండి. పినియన్ వచ్చి తగిలే అంచు కొద్దిగా గుండ్రబడడం మామూలు. అంచు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆకురాయితో రాయొచ్చు. పన్ను వెడల్పులో మూడో వంతు, సగం కరిగిపోతే ఇక మార్చాల్సిందే. రంధ్రం అడుగున నూనె మెరుస్తుంటే దాన్నీ గమనించండి. క్రాంకు వెనక సీలు కారి, క్లచ్ ధూళితో కలిసి ముద్దై, పినియన్‌ను అంటుకునేలా చేస్తుంది.

మోటారును వైస్‌లో గట్టిగా బిగించండి. పినియన్‌ను వేళ్ళతో తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు ఆర్మేచర్‌ను తనతో తిప్పాలి. రెండువైపులా తిరిగినా, రెండువైపులా పట్టినా క్లచ్ పోయినట్టే (బెండిక్స్ రకానికి ఈ పరీక్ష వర్తించదు). ఇరుసును పైకీ కిందికీ ఆడించి చూడండి, కంటికి కనిపించేంత ఆట ఉంటే బుష్ మార్చండి. నూనె పీల్చే కంచు బుష్‌లు వేసేముందు ఒక రోజంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాలి. ఆర్మేచర్ ఒంటి మీద ఒకవైపు నిగనిగలాడే గీరుడు కనిపిస్తే ఆ మూలుగు ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోయింది. కార్బన్లు కొత్తవాటిలో సగానికి అరిగితే మార్చేయండి. కమ్యుటేటర్‌ను సన్నటి సాండ్‌పేపర్‌తోనే తుడవండి. ఎమెరీ వద్దు, దాని రజను కరెంటును పోనిస్తుంది, రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటుంది.

బెండిక్స్ మరచుట్టును కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పొడిగానే వదిలేయండి. గ్రీజు రాయాలని చెయ్యి లాగుతుంది. ఆ గ్రీజే క్లచ్ దుమ్మును పట్టుకుని వారాల్లో పినియన్‌ను ఆపేస్తుంది. ఒకవైపు క్లచ్‌ను మాత్రం కిరోసిన్‌లో ముంచకండి, లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు కొట్టుకుపోతుంది. బయటినుంచి గుడ్డతో తుడిస్తే చాలు.

వైస్‌లో ఉండగానే జంపర్ కేబుళ్ళతో రెండు మూడు సెకన్లు తిప్పి వినండి. బరువు లేకుండా ఎక్కువసేపు తిప్పితే ఇలాంటి మోటార్ వేగం హద్దు మీరి దెబ్బతింటుంది. ఇక్కడ నున్నగా తిరిగి, బండి మీద గర్రుమంటే లోపం ఫ్లైవీల్ వైపే అని రూఢి చేసుకోవచ్చు.

తిరిగి బిగించడం

రెండు ముఖాలూ లోహం మెరిసేదాకా శుభ్రం చేయండి, షిమ్‌లు ఉంటే ఎన్ని తీశారో అన్నే పెట్టండి. బోల్టులను చేత్తో ఎక్కించి, మోటార్ తిన్నగా కూర్చున్నాకే పానా వేయండి. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోది మొదలుపెడితే మోటార్ వంకరగా కూర్చుంటుంది. కొత్త మోటార్ తెచ్చుంటే పినియన్ పళ్ళ లెక్క, తిరిగే దిశ, పినియన్ బయటికి వచ్చే పొడవు పాతదాంతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. ఒకే మోడల్ పేరుతో తేడా మోటార్లు ఉంటాయి.

రింగ్ గేర్ పోయిందని తేలితే అది పెద్ద పని: బండిని మధ్యకు విడదీసి ఫ్లైవీల్ దించాలి. పాత రింగు తీసి, కొత్తదాన్ని 200–250 డిగ్రీల సెల్సియస్‌కు సమంగా వేడిచేసి దించుతారు. నీలిరంగు తిరిగేదాకా కాలిస్తే పళ్ళ గట్టిదనం పోతుంది. ఎలాగూ బండి విడదీస్తారు కాబట్టి క్లచ్ ప్లేటు, వెనక సీలు కూడా అప్పుడే చూడాలి. క్లచ్ ఇంకా బాగానే ఉంటే నేనైతే రింగ్ గేర్ కోసమే బండి విడదీయను, క్లచ్ పనికి వచ్చేదాకా ఆగుతాను. అందాకా పుల్లీ మీద అడ్డగీతల గుంపు గుర్తుకు ఎదురుగా వచ్చి ఆగినప్పుడు, తాళం తీసేసి, స్టాప్ లాగి ఉంచి, ఇంజన్‌ను పానాతో పావు చుట్టు తిప్పి సెల్ఫ్ కొట్టొచ్చు. సోలినాయిడ్, బోల్టులు, బ్యాటరీ నికరంగా ఉన్నంతకాలం మిగతా పళ్ళు ఆ భారం మోస్తాయి.